మన బెంచీ తలుపు

మార్గో తల్లీ,

ఒడెస్సా అనే ఆ నల్లజాతి ఆవిడ పూర్వీకులు మన ఇంటిపేరు పెట్టుకున్నారని రాశావు. పెట్టుకోలేదే, అది రక్తంతోనే వచ్చింది. నువ్వు చేయించిన డీఎన్‌ఏ పరీక్షే ఆ మాట చెప్పింది.

నిన్న ఒడెస్సాను టీకి పిలిచి, అలవాటు కొద్దీ మన ఫ్రెంచి పూర్వీకుల హ్యూగెనాట్ కథ ఎత్తుకున్నాను. మూడొందల ఏళ్ళ కిందట ప్రొటెస్టెంట్ మతం విడవనందుకు ఫ్రాన్సు రాజు సైనికులు మన ఏలీ తాత కూతురు జూడిత్‌ను లాక్కుపోయారనీ, ఆ దుఃఖంతోనే ఆయన అమెరికాకు, మన ఈ చార్ల్‌స్టన్‌కు ఓడెక్కాడనీ. ఏటా చర్చిలో చెప్పి అందరినీ ఏడిపిస్తానే, అదే.

ఆమె కప్పు కింద పెట్టింది. "మా కథలోనూ ఏలీగారున్నారండీ. ఆయన బానిస మా వంశపు తొలి అవ్వ. ఆమెకు తన వల్ల పుట్టిన ఇద్దరిలో పెద్దపిల్లను ఆయనే అమ్మేశారు. మీకు మీ పిల్ల పేరైనా మిగిలింది" అంది.

నోరుగల ముసలిదాన్నని ఊరంతా పేరు కదా నాకు. "చక్కెర వేయనా?" అన్నాను. 

ఏటా నేను ఆ కథ చెప్పే ఫ్రెంచి ప్రార్థన ఆదివారం, ఈసారి ఆమె చర్చిలో మన కుటుంబపు బెంచీలో కూర్చుంటుంది. కథ నేను చెప్పను.

శనివారమే వెళ్ళి, ఆ బెంచీలోకి వెళ్ళే చిన్న చెక్క తలుపు గడియకు నూనె వెయ్యి. అది బిగుసుకుపోయింది. ఆమెను బయట నిలబెట్టి నేను గుంజుతూ ఉండలేను.

మీ నాయనమ్మ