హానర్ నాయనమ్మ పుట్టిన ఏడు

డింప్నా, డబ్లిన్‌లో క్షేమంగానే ఉన్నాను, దగ్గు తగ్గింది.

మా నాయనమ్మ హానర్ సమాధి రాయి చెక్కే హ్యూబర్ట్‌ను పుట్టిన ఏడు దగ్గర ఆగమను. జనాభా లెక్కల్లో ఆవిడకు 1901లో యాభై ఏళ్ళు, 1911లో డెబ్బై ఒకటి! చర్చి పుస్తకంలో జ్ఞానస్నానం 1851 అని ఉంది.

"ఈవిడ మా హానర్ కాదు. మా ఇంట్లో అబద్ధమాడేవాళ్ళు లేరు," అన్నాను.

ఆ పాత లెక్కలు దాచే కచేరీ గుమాస్తా నవ్వాడు. "సంతకం ఆవిడదే కదమ్మా! ఆ రెండు లెక్కల మధ్యనే సర్కారువారు డెబ్బై నిండితే పింఛనన్నారు, పుట్టిన కాగితాలా ఎవరికీ లేవాయె. మా ముత్తవ్వయితే సొంత తల్లికంటే రెండేళ్ళు పెద్దదైపోయింది!"

సిగ్గుతో తల వంచుకుని ఆ 1911 కాగితమే కిందిదాకా చదివాను. విధవ. ఇంట్లో తల్లీతండ్రీ లేని మనవలు అయిదుగురు. ఆఖరి పేరు అట్రాక్టా, ఆరేళ్ళు. అంటే నేనే. ఆ పింఛను రొట్టె తిని పెరిగింది నేను.

పొయ్యిలో కట్టెల బదులు కాల్చే మట్టిగడ్డలు తడవకుండా కొట్టంలోకి చేర్చావా? గుడ్ల లెక్క రోజూ రాయి, అంచనాలు వద్దు.

హ్యూబర్ట్‌ను 1851 అనే చెక్కమను. ఆవిడ పింఛను ఇక ఎవరూ ఆపలేరు.

పిల్లలను దేవుడు చల్లగా చూడాలి.

అమ్మ