ఆదివారపు గురి, ఒంటరి గురి: రేనో పెల్టోలా వీలునామా

మిషిగన్ రాష్ట్రం, ఉత్తర ద్వీపకల్పం, టామరాక్ క్రీక్ గ్రామ నివాసి, రంపపు మిల్లులో పనిచేసి రిటైరైన రేనో పెల్టోలా అను నేను, డెబ్బై ఆరేళ్ళ వయసులో, ఊపిరితిత్తులు తప్ప తక్కినవన్నీ దారిలోనే ఉండగా, ముఖ్యంగా బుర్ర సవ్యంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా నా ఇష్టప్రకారం రాస్తున్న చివరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. నా మతి స్థిమితం మీద డ్వేన్‌కి అనుమానాలుంటే (వాడెవడో కింద రాస్తాను) ఉండనివ్వండి, వాడికి అవి ముప్పై ఏళ్ళుగా ఉన్నాయి.

వకీలుగారు టైపు చేసి పంపిన నమూనా ఒక్క పేజీలో అయిపోయింది. నాకది చాలదు. అక్టోబరు ఒకటిన విల్లు వేట మొదలవుతుంది, డాక్టరుగారి లెక్కలో నేను అంతవరకూ ఉండను. మంచె ఎక్కే పని లేదు కనుక రాసుకోవడానికి తీరిక దొరికింది.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత డ్వేన్ ట్రెగేర్‌కు అప్పగిస్తున్నాను. టామరాక్ విలుకాళ్ళ క్లబ్బుకు ప్రెసిడెంటు, నాకు చిన్నప్పటి నుంచీ స్నేహితుడు, మా మిల్లు మూతపడిన దగ్గర్నుంచీ శత్రువు. వాడినే ఎందుకంటే, నాతో ప్రతి మాటకీ పేచీ పెట్టినవాడు నా పిల్లల్ని కూడా ఊరికే వదలడు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు జరిగేదాకా వాళ్ళ ప్రాణం తోడేస్తాడు. ఈ పనికి జీతం లేదు. కావాలంటే నా కాఫీ ఫ్లాస్కు తీసుకోవచ్చు, దాని మూత ఎలాగూ వాడే పోగొట్టాడు.

2. నేనుంటున్న ఇల్లు, పికప్పు బండి, మంచు తోడే యంత్రం నా కుమారుడు కర్ట్ పెల్టోలాకు సర్వహక్కులతో చెందవలెను. కర్ట్ మంచివాడు. కొసలకి కప్పీలు బిగించిన చక్రాల విల్లుతో వేటాడతాడు, దానికి ఒక అద్దం, ఒక దీపం, మీట నొక్కితే వదిలే కొక్కెం ఉంటాయి. కాఫీ కూడా పోసిస్తే బాగుండునని నేనొకసారి అన్నాను. అప్పట్నుంచీ థాంక్స్‌గివింగ్ పండక్కి అత్తారింటికే వెళ్తున్నాడు. కర్ట్, నేనన్నది విల్లునే, నిన్ను కాదు. డీప్ ఫ్రీజరు కూడా నీదే, అందులో జింక మాంసం ఏమీ లేదు, పోయిన ఏడాది మా ఇంట్లో ఎవరికీ వేట కుదరలేదు. కారణం కింద రాస్తాను.

3. వాగుకు ఉత్తరాన ఉన్న నలభై ఎకరాల అడవి. ఇందులో నా మొద్దుల దారి ఉంది. వకీలుగారికి తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. మొండి ములికి తొడిగిన బాణం తీసుకుని అడవిలో ఒంటరిగా నడవాలి. పుచ్చిపోయిన మొద్దు ఏదైనా కంటపడితే దాని మీద ఒక్క మచ్చ ఎంచుకోవాలి, నాచు ముక్కో, ఊడిన బెరడో. ఒక్క బాణం వేయాలి. తగిలినా తగలకపోయినా రెండోది వేయకూడదు. జింక రెండోసారి నిలబడదు. లెక్కలు రాసుకునే వాళ్ళుండరు, చప్పట్లు కొట్టే వాళ్ళుండరు. నా జీవితంలో నేను ఇష్టంగా చేసిన పని ఇదొక్కటే, చర్చికి కూడా ఇంత శ్రద్ధగా వెళ్ళలేదు.

డ్వేన్ క్లబ్బుది వేరే పద్ధతి. ఆదివారం పూట అడవిలో అక్కడక్కడ స్పాంజి జింకలు, స్పాంజి ఎలుగుబంట్లు నిలబెడతారు. ఒక్కో బొమ్మ ఎదుట మేకు పాతి ఉంటుంది, మేకు దగ్గర నిలబడి వేయాలి, వెనక వరసలో జనం. బొమ్మ ఛాతీ మీద గీతలుంటాయి, లోపలి గీతకి పది, బయటి గీతకి ఎనిమిది. ఇది వేటకి శిక్షణ అని వాళ్ళు అంటారు, వేటని పాడుచేసే ఆట అని నేనంటాను. మా ఇద్దరి పేచీ ఇదే. "ఒరేయ్ రేనో, నీ మొద్దులకి నువ్వు తెలుసు, నీకు నీ మొద్దులు తెలుసు. కళ్ళు మూసుకుని వేసినా తగుల్తుంది. కొత్త చోటికి రా, అప్పుడు తెలుస్తుంది నీ గురి ఎంతో" అని వాడు పోస్టాఫీసులో అందరి ముందూ అన్నాడు. "నువ్వెళ్ళి నీ స్పాంజి జింకకి దండం పెట్టుకో, అదైతే పారిపోదు" అని నేనన్నాను. తర్వాత రెండు చలికాలాలు మాట్లాడుకోలేదు.

ఈ అడవిని నా కూతురు కారిన్‌కి ఇవ్వాలనుకున్నాను. "నాకొద్దు నాన్నా. ఆ దారిలో ఇంక అడుగు పెట్టను" అంది. కాబట్టి క్లబ్బుకే రాస్తున్నాను. ఆదివారాలు వాళ్ళవి. తక్కిన ఆరు రోజులూ బొమ్మలు, మేకులు పీకేసి, ఒంటరిగా నడుద్దామని వచ్చే ఎవరికైనా దారి విడిచిపెట్టవలెను. ఈ షరతు ఒకటి రెండేళ్ళు పాటిస్తారు. తర్వాత మేకులు పీకడం శ్రమ అంటారు, ఆ తర్వాత పార్కింగు కోసం చెట్లు కొడతారు. ఒంటరిగా నడిచేవాళ్ళు కూడా ఎవరూ రారు. తెలిసే రాస్తున్నాను.

4. కర్పూరపు వాసన వేసే దేవదారు బాణాలు, ఈకలు నేనే కట్టినవి, తోలు అమ్ములపొదితో సహా డ్వేన్‌కు. బాణం గీతను తాకితే పై లెక్క ఇవ్వాలని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. నేను వెళ్ళిన ఆఖరి ఆదివారం నా బాణం ఎలుగుబంటి ఛాతీ మీది లోపలి గీతను తాకింది. వాడు కళ్ళజోడు సర్దుకుని వంగి చూసి "ఎనిమిది" అన్నాడు. అది పది. ఆ బాణం కూడా ఈ కట్టలోనే ఉంది, దాని ఈకలు ఎర్రవి. ఇప్పటికైనా ఒప్పుకోమని షరతు పెడదామనుకున్నాను గానీ, ఒప్పుకునే ముఖం కాదది.

నా భార్య ఎలీన్ వాడిన పెద్ద గరిటె క్లబ్బు వంటగదికి. ఆమె బతికినన్నాళ్ళూ ఆదివారం ఆదివారం అక్కడ పాన్‌కేకులు పోసింది. ఆమెకి విల్లూ తెలియదు, బాణమూ తెలియదు. "నీ మొద్దులు కబుర్లు చెప్తాయా? అక్కడ మనుషులున్నారయ్యా" అనేది. ఆ గరిటెని గోడకి తగిలించవద్దు, పిండి కలిపేందుకే వాడండి.

5. నా కుమార్తె కారిన్ పెల్టోలా గురించి. ఈ వీలునామా అసలు రాస్తున్నది ఇందుకే.

కారిన్‌కి నడక వచ్చిన కొత్తలోనే మొద్దుల దారి చూపించింది నేను. తర్వాత తల్లి వెంట క్లబ్బుకు వెళ్ళి ఆదివారపు ఆట మరిగింది. కప్పులు గెలిచింది. డ్వేన్ దాన్ని సొంత బిడ్డలా చూశాడు, అది మాత్రం ఒప్పుకుంటాను. పోయిన అక్టోబరులో వాగు పక్కన మంచె మీద ఉంది. ఆడ జింక ఒకటి దగ్గరగా, పక్కకి తిరిగి, తల దించుకుని వచ్చింది. అంతకన్నా మంచి అవకాశం ఎవరికీ రాదు. కారిన్ బాణం దాని పొట్టలో దిగింది.

వేట తెలియనివాళ్ళకి చెబుతున్నాను, పొట్టలో దిగితే జింక వెంటనే చావదు. గంటల తరబడి పోతుంది, బాధపడుతూ. నేనూ, కారిన్, డ్వేన్ ముగ్గురం నెత్తురు చుక్కల వెంట వెతికాం. వాన పడి చుక్కలు చెరిగిపోయాయి. చివరికి కాకులు చూపించాయి. అప్పటికే చిన్న రకం తోడేళ్ళు సగం తినేశాయి. కారిన్ దాని పక్కన బురదలో కూర్చుంది, లేవమంటే లేవలేదు. "వేయాల్సిన చోటు కనపళ్ళేదు నాన్నా. జింక మొత్తం కనపడింది" అంది.

నాకు వెంటనే అర్థమైంది. క్లబ్బు బొమ్మల ఛాతీ మీద అందరి బాణాలూ దిగి దిగి స్పాంజి అరిగిపోయి నల్లటి గుంట పడుతుంది. గీతలు కనపడకపోయినా ఆ గుంట కనపడుతుంది. ఏళ్ళ తరబడి కన్ను దానికే అలవాటు పడింది. ప్రాణమున్న జింకకి గుంట ఉండదు. కన్ను దాని కోసం వెతికింది, దొరకలేదు, వేళ్ళు వదిలేశాయి. ఈ మాట నేను డ్వేన్ మొహం మీదే అన్నాను. "మరి నీ దారిలో నేర్చుకున్నదెక్కడికి పోయింది? ముందు నేర్పింది నువ్వేగా" అన్నాడు వాడు. ఎవరి తప్పో ఇంతవరకూ తేలలేదు. నాది కాదని నా అభిప్రాయం.

ఆ రోజు నుంచీ కారిన్‌కి గురి భయం పట్టుకుంది. విలుకాళ్ళకు పట్టే జబ్బు ఇది. విల్లు సగం లాగకముందే వేళ్ళు వాటంతటవే నారి వదిలేస్తాయి. ఎంత గట్టిగా అనుకున్నా ఆగవు. మందు లేదు. డ్వేన్ దాన్ని ఆదివారాలు తీసుకెళ్ళి, లెక్కలు రాయకుండా, జనాన్ని దూరంగా నిలబెట్టి వేయించాడు. వేళ్ళు ఆగలేదు. చలికాలమంతా నేను కొట్టంలో గడ్డిమోపు ఎదుట నిలబెట్టి, గీతా మచ్చా ఏమీ లేకుండా, కళ్ళు మూయించి వేయించాను. కళ్ళు మూసుకుంటే పూర్తిగా లాగేది, చక్కగా పట్టుకునేది, నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. కళ్ళు తెరవగానే మళ్ళీ అంతే. వసంతం వచ్చేసరికి "ఇంక చాలు నాన్నా" అంది. వాడి పద్ధతీ పనిచేయలేదు, నా పద్ధతీ పనిచేయలేదు. ముప్పై ఏళ్ళు దేని గురించి కొట్టుకున్నామో ఇద్దరికీ తెలియలేదు.

కారిన్‌కి నా తుపాకీలు అమ్మగా వచ్చిన డబ్బు, తల్లి ఉన్ని కోటు, వాగు ఒడ్డున ఉన్న సౌనా గది (కట్టెల పొయ్యితో వేడెక్కే ఆవిరి స్నానాల గది), దాని చుట్టూ ఉన్న అర ఎకరం చెందవలెను. సౌనాకి దారి కర్ట్ పెరట్లోంచే ఉంది, కర్ట్ అడ్డుచెప్పకూడదు.

6. నా విల్లు. నిన్న ఈ చోట రాసింది ఇలా ఉంది: నేను హికరీ కర్రతో చెక్కిన విల్లు కారిన్‌కి చెందవలెను, ఏడాదికి ఒక్కసారైనా ఆమె దానితో బాణం వేయవలెను. ఆ విల్లు కారిన్‌కి తప్ప ఇంకెవరికీ పనికిరాదు. చెక్క విల్లు చేసినవాడి చేతుల కొలతకి వంగుతుంది. కర్ట్ నాకన్నా పొడుగు, వాడు లాగితే విరుగుతుంది. డ్వేన్‌ది ఎడమచేతి వాటం. నా కొలత చేతులు కారిన్‌కే వచ్చాయి.

ఈ ఉదయం సాక్షుల కోసం ఎదురుచూస్తూ ఆ క్లాజు కారిన్‌కి చదివి వినిపించాను. వినగానే విల్లు తీసుకుని పెరట్లోకి వెళ్ళి గడ్డిమోపుకి ఎదురుగా నిలబడింది. వెనకాలే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను, ఆక్సిజన్ డబ్బా పక్కన పెట్టుకుని. డ్వేన్ అప్పుడే బండి దిగాడు. కారిన్ నారి లాగడం మొదలుపెట్టింది. మోచెయ్యి వెనక్కి సగం కూడా రాలేదు, బాణం వెళ్ళిపోయి గడ్డిమోపుకి చాలా ముందే నేలలో గుచ్చుకుంది. ఇంకో బాణం తీసింది. అదీ అంతే. విల్లు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "నీ కోసం ఏడాదికోసారి వేస్తా నాన్నా. ప్రతిసారీ ఇలాగే వేస్తా. సరేనా?" అంది. లోపలికి వెళ్ళి కాఫీ పెట్టింది.

నేను చచ్చాక కూడా నా కూతురు ఏడాదికోసారి ఆ పెరట్లో నిలబడి, నా మాట కోసం నేలలోకి బాణం వేస్తుంది. వేయకపోతే గోడ మీద పెట్టుకుని రోజూ చూసి ఏడుస్తుంది. రెండూ నాకు అక్కర్లేదు. కాబట్టి నిన్నటి క్లాజు కొట్టేస్తున్నాను.

నారి విప్పేశాను. కొట్టంలోంచి రంపం తెమ్మని డ్వేన్‌ని అడిగాను. "పిచ్చా నీకు?" అన్నాడు గానీ తెచ్చాడు. నాకు ఊపిరి ఆడక మధ్య మధ్యలో ఆగాల్సి వచ్చింది, రెండో కొస వాడు పట్టుకున్నాడు. గడ్డం కిందికి దించి మరీ ఏడ్చాడు ముసలాడు. సౌనా పొయ్యిలో పట్టేంత పొడవుకి ముక్కలు కోశాం. కనుక నా ఆస్తిలో విల్లు ఏదీ లేదని, దాని విషయంలో ఎవరికీ ఏ హక్కూ, ఏ బాధ్యతా లేదని ఇందుమూలముగా తెలియజేస్తున్నాను.

ముక్కలు సౌనా కట్టెల పెట్టెలో, బర్చ్ కట్టెల మధ్య ఉన్నాయి. ఇవాళ శనివారం, సాయంత్రం కారిన్ సౌనా పొయ్యి వెలిగిస్తుంది. చూడగానే గుర్తుపడుతుంది. అయినా పొయ్యిలో వేసేయమని చెబుతాను. లోపలి వేడి నా ఊపిరితిత్తులు తట్టుకోవు, నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. హికరీ బాగా కాలుతుంది, వేడి చాలాసేపు ఉంటుంది.

పైన రాసినదంతా చదువుకుని, నిజమని ఒప్పుకుని, నా చేతివ్రాతతోనే సంతకం చేస్తున్నాను.

టామరాక్ క్రీక్, 2014 సెప్టెంబరు 20, శనివారం

(సంతకం) రేనో పెల్టోలా

సాక్షులు (వీరికి ఈ వీలునామాలో ఏమీ రాయలేదు, అందుకే సాక్షులుగా పనికొచ్చారు):

1. లోరా హెండ్రిక్‌సన్, ఇంటికొచ్చి చూసే నర్సు
2. గ్లెన్ ఓయాలా, పోస్ట్‌మ్యాన్