అరిగిపోయిన వేలిముద్రలు

మేనల్లుడికి మామయ్య దీవెనలు.

మీ కంపెనీలో అందరికీ జీతాలు వేసే ఉద్యోగం నీకు దక్కిందని మొన్న ప్రార్థనలో గొప్పగా సాక్ష్యం చెప్పాను. ఇప్పుడు నాలుక కరుచుకుంటున్నాను. మీ ఆఫీసులో మరుగుదొడ్లు కడిగే మన సంఘపు సహోదరి నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. యాసిడ్‌తో కడిగి కడిగి ఆమె వేలిముద్రలు అరిగిపోయాయట. హాజరు మిషను ఆమెను గుర్తుపట్టలేదట. నువ్వు నెలంతా గైర్హాజరు వేసి జీతం సున్నా చేశావట.

“రోజూ ఆయన బల్ల తుడిచేది నేనే కదయ్యా! అడిగితే, ‘నువ్వొస్తున్నావని నాకు తెలుసమ్మా, మిషను ఒప్పుకోవాలిగా’ అంటాడు” అంది.

ఆహా, ఏం భక్తి! కళ్ళుండీ చూడలేని విగ్రహాల గురించి లేఖనంలో చదివాను గానీ, వాటికి పూజారి మా ఇంట్లోనే పుట్టాడని ఎరగను. కూలివాడి కూలి పొద్దుగూకక ముందే ఇచ్చెయ్యమన్న దేవుడు, పాపం, మీ మిషను మీద వేలు పెట్టి చూడలేదు కాబోలు!

సరే, నీ మిషను మాట అబద్ధం కాకూడదు నాయనా. అందుకే రేపటి నుంచి ఆమెను నిజంగానే రావద్దన్నాను. జీతం ఆమె చేతిలో పడేదాకా మరుగుదొడ్లు ఆ మిషను చేతే కడిగించుకో.

నీ మేలు కోరే
మామయ్య