వంతకు ఆగిన చోటు

మార్కాపురం, గురువారం. 1964, మాఘం.

స్టూడియోకని ఉన్న డబ్బుకు మద్రాసులో రెండు మామూలు టేపు రికార్డర్లు వచ్చేవి. "రెండుంటే మంచిది బావా, నా మాట విను" అని బామ్మర్ది మొత్తుకున్నాడు. నేను వినలేదు. మంచిది ఒకటే తెచ్చాను. పలకరాళ్ళ గది మోగుతుంటే గోడల నిండా గొంగళ్ళు వేలాడదీశాను.

ఇవాళ పుల్లలచెరువు నుంచి గొర్రెల కాపరి నర్సయ్య తాత వచ్చి సుద్దులు పాడాడు. చరణం చరణానికీ ఆగిపోతున్నాడు. వంత పాడే తమ్ముడు రామయ్య పోయి ఇంకా ఏడాది కాలేదు.

"ఆగకుండా పాడు తాతా, టేపు దండగైతాంది."

"నేను ఆగకుంటే వాడెట్ల అందుకుంటాడు నాయనా?"

అట్లాగే పాడించి, టేపు వెనక్కి తిప్పి వినిపించాను. తన గొంతు తాను వినడం ఆయనకు ఇదే మొదలు. తలవంచుకుని విన్నాడు. టేపులో పాట ఆగిన మొదటి చోటే, గొంతు పెంచి తానే వంత అందుకున్నాడు. అచ్చం నేనెరిగిన రామయ్య గొంతు! చివరిదాకా ఒక్క చోటు వదల్లేదు.

అన్నదమ్ములిద్దరూ నా గదిలో పాడుతున్నారు. ఉన్న ఒక్క మెషినూ అన్న పాట వినిపిస్తోంది. తమ్ముడి పాట దేంతో పట్టేది?