ఓటుకు వాయినం

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళే నీకింత రోత సంగతి చెప్పాల్సి వస్తుందనుకోలేదు.

మరిపెడ బడిలో ఇంగ్లీషు పాఠం చెప్పొచ్చి, అందులోని పాతకాలపు గుర్రపు వీరుల కథలు నాకూ చెప్పేదానివి. ఏమడుగుతారో తెలియకుండానే ఇస్తామని మాటిచ్చేవారట, ప్రాణం పోయినా తప్పేవారు కాదట. "ఎంత పిచ్చోళ్లే!" అని నవ్వేదానివి.

పొద్దున సర్పంచి ఎన్నికకు నిలబడ్డాయన భార్య మన వాకిట్లోకి వచ్చింది. సద్దుల బతుకమ్మ నాటిలాగే కొంగుపట్టి, కొత్త చీర చాచి, "ఇస్తినమ్మ వాయినం" అన్నది. నా నోరు అలవాటుగా "పుచ్చుకుంటినమ్మ వాయినం" అనేసింది. వెంటనే కురవి వీరభద్రస్వామి పటం నా ముందుకు తోసింది.

"పుచ్చుకున్నవ్ గద వదినా, గిప్పుడు మా గుర్తుకే ఏస్తనని స్వామి మీద చెయ్యి పెట్టు."

"గిదేం వాయినం? తీస్కపో!" అని చీర ఆమె చేతిలోనే కుక్కాను. ఊరందరి చేతుల జిడ్డు పట్టి ఆ పటంలో స్వామి ముఖమే మసకబారింది.

చీర పోయింది గానీ మాట వెనక్కి రాలేదక్కా. బతుకమ్మ కాడ నీ చేతి సత్తుపిండి అందుకుంటూ ఏటా నీతో అన్న మాట అది. నువ్వు పోయాక ఎవరితోనూ అనలేదు. మళ్లీ మొదటిసారి ఆమెతో అన్నాను.