ఎల్ షేపు సోఫా

నవంబర్ 4, సోమవారం

సోఫా వచ్చింది! ఎల్ షేపు, మెరూన్ వెల్వెట్. జమ్మికుంటలో మా సంఘం వాళ్లెవరికీ ఇలాంటిది లేదు. ఈ శుక్రవారం గృహప్రార్థన మా ఇంట్లోనే. లిడియా రావాలి, చూడాలి, కుళ్లుకోవాలి. పోయిన నెల వాళ్లింట్లో ప్రార్థన అయ్యాక కొత్త టీవీ గురించి అరగంట చెప్పింది. ప్రభువా, ఈ ఒక్కటీ నెరవేర్చు.

నవంబర్ 6, బుధవారం

జేమ్స్ అలిగాడు. టీ కప్పుతో సోఫా మీద కూర్చోబోతే లేపాను. శుక్రవారం దాకా ఎవరూ కూర్చోవద్దని చెప్పాను. నా ఇంట్ల నేనే చుట్టమైన అని గొణుగుతూ వంటింటి గడప మీద కూర్చుని తాగాడు. మొగుడు అలిగితే మళ్లీ మాట్లాడతాడు. వెల్వెట్ మీద టీ మరక పోదు.

నవంబర్ 8, శుక్రవారం, మధ్యాహ్నం 3

చచ్చాను. చాపలు పరచడానికి చోటు లేదు!

ముప్పై మంది వస్తారు. మా ప్రార్థనలో అందరూ చాపల మీదే కూర్చుంటారు, అక్కడే మోకరిస్తారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. షాపులో గోడ కొలత చెప్పాను, మనుషుల సంగతి మరిచాను. పోనీ కొందరిని సోఫా మీద కూర్చోబెడదామా? పాస్టరు అయ్యగారు ప్లాస్టిక్ కుర్చీలో, వీళ్లు వెల్వెట్ మీదా? చంపినా కూర్చోరు.

జేమ్స్ పడీ పడీ నవ్వుతున్నాడు. తిట్టాను. తర్వాత నాకూ నవ్వొచ్చింది.

నవంబర్ 9, శనివారం

నిన్నటిది రాయకుండా ఉండలేను. సోఫాకు దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవర్ కప్పి వాకిట్లోకి మోశాం. లిడియా తొందరగా వచ్చి తనూ ఓ చెయ్యి వేసింది. అక్కా, జర గా మూల పట్టు అని నాకే పని చెప్పింది!

కాసేపటికి ఆటోలో వాళ్ల అత్త రూతమ్మ దిగింది. మోకాళ్ల నొప్పులతో ఆమె కింద కూర్చోలేదు. కుర్చీ వేస్తే, అయ్యగారికి సమానంగ కూసుంటనా అని ఒప్పుకోదు. అందుకే రెండేళ్లుగా ఏ ఇంటి ప్రార్థనకూ రాలేదు, తమ ఇంట్లో జరిగినా లోపలి గది దాటలేదు. సోఫా బయటేసిండ్రని కోడలు ఫోన్ చేసింది, అయ్యగారు లోపలుంటరు, గిక్కడైతే ఫికర్ లేదు అంటూ కూర్చుంది. జారుతున్నదని ప్లాస్టిక్ కవర్ పీకి పారేసింది. ఐదు నిమిషాల్లో ఆమె పక్కన మరో నలుగురు ముసలమ్మలు చేరారు. లోపల మా పాట కన్నా వాకిట్లో వాళ్ల పాటే గట్టిగా వినిపించింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

వెళ్లేటప్పుడు లిడియా నా చెయ్యి పట్టుకుంది. వచ్చే శుక్రవారం మా ఇంట్ల ప్రార్థన, సోఫా పంపుతవా అక్కా, లేకుంటే అత్తమ్మ మళ్ల లోపలి రూంలనే ఉండిపోతది అంది.

లిడియా నన్ను అడిగింది! పంపుతానన్నాను. కాస్త ఆలోచించినట్టు నటించి అన్నాను.

నవంబర్ 15, శుక్రవారం

సోఫా ట్రాలీ ఆటో ఎక్కింది. జారకుండా పట్టుకోవాలని నేనూ దాని మీదే కూర్చున్నాను. మార్కెట్ యార్డు ముందు పత్తి బండ్ల మధ్య నుంచి మెల్లగా పోయాం. అందరూ చూశారు.

చెయ్యి ఊపాను.