లైల్ బావకి చెప్పకూడని వెండి బిళ్లలు

ఒహాయో రాష్ట్రం, హార్లన్స్ ఫెర్రీ ఊరు, వాటర్ స్ట్రీట్‌లో పచ్చ తలుపు ఇంట్లో ఉంటున్న డారెల్ హుడాక్ అనే నేను, యాభై ఎనిమిదేళ్ల వయసులో, బుర్ర సవ్యంగా పనిచేస్తుండగా, ఎవరూ పీక మీద కూర్చోకుండా, సొంత చేత్తో రాస్తున్న ఆఖరి వీలునామా ఇది. ఇదివరకు బారులో కాగితం రుమాళ్ల మీద రాసిచ్చినవన్నీ ఇందుమూలంగా రద్దు. నా బుర్ర మీద నా భార్యకి అనుమానాలున్నాయి గానీ ఆవిడ డాక్టరు కాదు. డాక్టరుకి అనుమానం నా ఊపిరితిత్తుల మీద. ఇనుము పోతపోసే ఫౌండ్రీలో అన్నేళ్లు ఇసుక దుమ్ము పీల్చాక వాటిలో ఇంక గాలికి చోటు లేదట. రెండు వాక్యాలు రాసి ఆగుతున్నాను, మళ్లీ రాస్తున్నాను. చదివేవాళ్లకీ తొందరేం లేదు కదా.

వకీలుగారు ఒక నమూనా ఇచ్చి, "మిగతాది నీ ఇష్టం డారెల్, బూతులు మాత్రం రాయకు" అన్నారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, బూతులు లేకుండా రాయడం నాకూ కష్టంగానే ఉంది. ఆయన ఇంకో సంగతి చెప్పారు. సాక్షి సంతకం పెట్టేవాళ్లకి వీలునామాలో ఏమీ రాయకూడదట, రాసినా అది చెల్లకపోవచ్చట. ఎవరికీ ఏమీ ఇవ్వకుండా తప్పించుకోవడానికి ఇంత చక్కటి దారి ఉందని ముందే తెలిస్తే సగం ఊరిని సాక్షులుగా పిలిచేవాణ్ణి.

1. పై ఇల్లు, ఇంట్లో సామాను, తిడితే గానీ కదలని పికప్ ట్రక్కు, ఇవన్నీ నా అనంతరం నా భార్య లోర్నాకే సర్వహక్కులతో దఖలు పడాలి. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత కూడా ఆవిడదే. పనిలో పనిగా, ఇన్నేళ్లుగా ఆవిడ గోళ్లరంగు సీసాలు ఎలా ఖాళీ అవుతున్నాయో ఇక్కడ నమోదు చేస్తున్నాను. బ్యాంకు నుంచి కాగితంలో చుట్టిన అర డాలరు బిళ్లల చుట్టలు తెచ్చి, ఆ కాగితం చింపి, ఒక్కో బిళ్ల అంచు చూడటం నా వ్యసనం. అంచులో రాగి చార కనిపిస్తే మామూలుది. చార లేకుండా తెల్లగా ఉంటే వెండి. వెండి ఉంచుకుని మామూలువి ఇంకో బ్యాంకులో పోసి వస్తాను. పోసే ముందు ఒక్కోదానికీ ఎర్ర చుక్క పెడతాను, నేను చూసేసిన సరుకుని మళ్లీ నేనే కొనుక్కోకుండా. ఆ చుక్కలు నీ గోళ్లరంగువి లోర్నా. సీసాకి కాళ్లొచ్చాయని పోయిన క్రిస్మస్‌కి మీ చెల్లెల్ని అనుమానించావు. పాపం, ఆవిడకి క్షమాపణ చెప్పు.

2. మా తమ్ముడు డ్వెయిన్‌కి రెండు వైపులా బొమ్మే ఉన్న నా దొంగ బిళ్ల ఇవ్వాలి. ఇంకేమీ ఇవ్వకూడదు. నాన్న ఆసుపత్రిలో ఉండగా ఆయన బీరువా కింది అరలో దాచుకున్న వెండి బిళ్లలన్నీ తీసుకెళ్లి కరిగించడానికి అమ్మేశాడు. అడిగితే, "వెండి వెండేగా అన్నా, బొమ్మ ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి" అన్నాడు. అందుకే బొమ్మలు రెండు ఇస్తున్నాను. చూసుకుంటూ కూర్చోమనండి.

3. మెయిన్ స్ట్రీట్ బ్యాంకు మెట్ల ముందు సిమెంటుకి నేను జిగురు వేసి అంటించిన పావు డాలరు మా ఊరి ప్రజలందరికీ ఉమ్మడిగా చెందాలి. దాన్ని గీకి తీయడానికి బ్యాంకు మేనేజరు ఉలీ సుత్తితో సహా ప్రయత్నించాడు. రాలేదు. దాని కోసం వంగినవాళ్లలో ఒక పాస్టరుగారు కూడా ఉన్నారు, ఆయన పేరు రాయను. నేను పోయాక కూడా ఎవరో ఒకరు వంగుతూ ఉంటారనుకుంటే ఈ దగ్గులో కాస్త ఊరటగా ఉంది.

4. ఇది అసలు పద్దు. దీన్ని లోర్నా ఒక్కతే చదవాలి. మా అక్క మొగుడు లైల్ ప్రూయిట్‌కి ఈ కాగితం ఏ పరిస్థితిలోనూ చూపించకూడదు.

ఈ వ్యసనం నాకు అంటించింది లైల్ బావే. రేకుల పనివాడు, నా కంటే పన్నెండేళ్లు పెద్ద. మా అక్క బెర్నడిన్‌ని పెళ్లాడిన ఏడాదే నన్ను కూర్చోబెట్టి, ఒక బిళ్లని బల్ల మీద పడేసి, "విన్నావా బామ్మర్దీ, ఇది పాడింది. మిగతావి దగ్గుతాయి" అన్నాడు. ఈ పనిలో మాకు ఒకటే కట్టుబాటు. ఒకడు చుట్టలు తెచ్చుకునే బ్యాంకులో ఇంకొకడు తను చూసేసిన బిళ్లలు పోయకూడదు. పోస్తే, మొదటివాడు ఆ చెత్త మోసుకెళ్లి రోజంతా చెత్తే చూస్తాడు. మెయిన్ స్ట్రీట్ బ్యాంకు లైల్‌ది. నేను పోసేది నది అవతలి ఊళ్లో.

ఆరేళ్ల కిందట నాకు నడుం పట్టేస్తే లోర్నా నా సంచీ తీసుకెళ్లింది. అంత బరువు మోసుకుని నది దాటడం ఎందుకు, బ్యాంకంటే బ్యాంకే కదా అనుకుని, జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్తూ మెయిన్ స్ట్రీట్‌లో దింపేసింది. ఆ వారం లైల్ బ్యాంకు నుంచి తెచ్చుకున్న పెట్టె నిండా నా ఎర్ర చుక్కలే. శుక్రవారం మాజీ సైనికుల లీజియన్ హాల్లో అందరం చేపల వేపుడు తింటుంటే వచ్చి, ఎర్ర చుక్కలున్న బిళ్లలు దోసెడు నా పళ్లెంలో కుమ్మరించాడు. "తినరా! నీ ఎంగిలి నాకు పెడతావా? నీకు ఈ పని నేర్పిన చెయ్యిరా ఇది!" అని అరిచాడు. నేను నవ్వాను. వేళాకోళాలకి పేరుబడ్డవాడి మీద ఎవరైనా ఏదైనా నమ్ముతారు. లోర్నా చేసిందని ఒక్క ముక్క అంటే అయిపోయేది. కానీ అప్పటికే అక్కకి బాగుండటం లేదు. వాళ్లింటికి వంట పట్టుకెళ్లేది లోర్నా ఒక్కతే. ఆవిడ మీద కూడా ఆ తలుపు మూసుకుంటే ఎలా? నా మీదే మూసుకోనిచ్చాను. అప్పటి నుంచి నన్ను 'బామ్మర్దీ' అని పిలవలేదు. అక్క శవపేటికకి తలవైపు ఆయన, కాళ్లవైపు నేను నిలబడ్డాం.

అక్క పోయాక ఆయన కిటికీ తెరలు దించేశాడు. చర్చి లేదు, లీజియన్ లేదు. గురువారం పది గంటలకి మాత్రం బ్యాంకుకి వచ్చేవాడు. "ఆయన గడ్డం గీసుకునేది ఆ ఒక్కరోజే డారెల్" అని కౌంటర్లో కూర్చునే ట్విలా నాతో అంది. తర్వాత ఒక గురువారం, "ఇంక రాను లేమ్మా, ఇందులో ఏమీ మిగల్లేదు" అని వెళ్లిపోయాడట.

ఆ తర్వాతి గురువారం ఆయన రాలేదు. ట్విలాయే ఆయనకి ఫోన్ చేసి, ఎవరో చేత్తో చుట్టిన చుట్ట ఒకటి ఇచ్చి వెళ్లారు, వేరేవాళ్లకి ఇవ్వబుద్ధి కాలేదు, తీసుకెళ్లమంది. ఆ చుట్ట నాది, ఆ మాట కూడా నేను చెప్పమన్నదే. మధ్యలో ఒక వెండి అర డాలరు. మర్నాడే బ్యాంకుకొచ్చి, చుట్ట అక్కడే చింపి చూసి, "ఎవరో ముసలావిడ, పోయిన మొగుడి డబ్బా ఖర్చు పెట్టేస్తోంది చూడమ్మా! విలువ తెలీదు పాపం! వచ్చే వారం కూడా తెస్తే నాకే ఉంచు" అన్నాడట. అప్పటి నుంచి ఆ ముసలావిడని నేనే.

కాబట్టి లోర్నా, వంటింటి అటక మీద పిండి డబ్బా వెనకున్న కాఫీ డబ్బా నీది. అందులోని వెండి అంతా నేను ఈ జన్మలో ఏరుకున్నది. దాన్ని అమ్మకూడదు, కరిగించకూడదు, డ్వెయిన్ కంట పడనివ్వకూడదు. ప్రతి గురువారం బ్యాంకు తెరవగానే ఒక చుట్ట ట్విలాకి ఇవ్వు. వెండి బిళ్ల మధ్యలోనే ఉండాలి. చివర్లో పెడితే చింపకుండానే కనిపించేస్తుంది, అలా పైకి కనిపించే వెండిని ఎవడూ వదిలిపెట్టడని ఆయనకి తెలుసు, అనుమానం వస్తుంది. మరీ మెరిసేది పెట్టకు. నీ గోళ్లరంగు దాని దరిదాపులకి రానివ్వకు. నీకు ఇదంతా పిచ్చిగా కనిపిస్తుందని తెలుసు. బట్టలుతికే యంత్రంలో బిళ్లలు దొరికిన ప్రతిసారీ నువ్వన్న మాటలు వకీలుగారు రాయొద్దన్న జాబితాలో ఉన్నాయి. అయినా చెయ్యి.

నా దిగులల్లా డబ్బా గురించే. సగం పైన ఖాళీ అయింది. అది అయిపోయిన గురువారం ఆయన గడ్డం ఎందుకు గీసుకోవాలి? అలిసిపోయాను. మిగతాది రేపు.

5. రేపు అన్నది కుదరలేదు. మధ్యలో నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లి, ముక్కుకి గొట్టం పెట్టి పంపారు. అందుకే సిరా రంగు మారింది. నా మూడు గురువారాలు మంచం మీదే పోయాయి. బ్యాంకుకి చుట్ట వెళ్లలేదు. లోర్నాకి నేను చెప్పలేదు, వీలునామా ఆవిడ ఇంకా చదవలేదు.

నిన్న ట్విలా ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన పై పట్టుకుని చూడటానికి వచ్చింది. లైల్ సంగతి అడగడానికే భయమేసింది. తనే చెప్పింది. "మొన్న గురువారం కూడా బ్యాంకంతా వినపడేలా అరిచాడు డారెల్, దొరికిందమ్మా, ఇంకోటి దొరికింది, మన ముసలావిడ చల్లగా ఉండాలి అని. అరిచి, నువ్వెలా ఉన్నావని అడిగాడు. అంతకు ముందు వారమూ అంతే."

మూడు వారాలుగా నేను పెట్టనిది ఆయనకి ఎలా దొరుకుతుంది? ఆపిల్ పై తింటూ అదే ఆలోచించాను. రుచి తెలియలేదు, బాగుందని మాత్రం చెప్పాను.

ఇవాళ పొద్దున లోర్నా నా ఒళ్లో ఒక చుట్ట పెట్టింది. "ఊరికే పడుకుని నన్ను సతాయించే బదులు ఇది చూసుకో. లైల్ ఇంటికి సూప్ ఇచ్చి వస్తూ, దారిలోనే కదా అని బ్యాంకులో తెచ్చా" అంది. ఆ సంచీ గొడవయ్యాక ఈ ఆరేళ్లలో లోర్నా నా కోసం ఒక్క బిళ్ల మోసిన పాపాన పోలేదు. చుట్ట చివర్లు చూశాను. కాగితాన్ని రెండు మడతలు పెట్టి, గోటితో అంచు అణిచి ఉంది. రేకుల పనివాడు కప్పు రేకు అంచుని మడిచినట్టు. అలా చుట్టేవాడు ఈ జిల్లాలో ఒక్కడే ఉన్నాడు.

చింపాను. మధ్యలో, సరిగ్గా మధ్యలో, అంచు తెల్లగా ఒకటి. 1952 నాటిది, గంట బొమ్మ మీద అడ్డంగా గీత. ఆ గీత నాకు తెలుసు. ఆకులు రాలే రోజుల్లో నేనే దాన్ని మామూలు బిళ్లల మధ్య దాచి లైల్‌కి పంపాను.

ముసలావిడ ఎవరో ఆయనకి ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు. బ్యాంకులో అరిచిందంతా ట్విలా నోటి మీదుగా నా చెవిన పడాలనే. నేను మంచాన పడ్డాక, ఈసారి నా వంతు అనుకున్నాడు. లోర్నా ఆ సూప్ గిన్నెలో ఏం మోస్తోందో లోర్నాకీ తెలుసు. ఊరంతా నా చేతిలో మోసపోయిందని మురిసిపోయేవాణ్ణి. ముగ్గురు ముసలివాళ్లం ఒకళ్లనొకళ్లం భలే మోసం చేసుకున్నాం.

నేనూ చేయాల్సింది చేశాను. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, "దొరికిందే లోర్నా! వెండి!" అని అరిచాను. వంటింట్లోంచి "నీ అదృష్టం మండా, గొట్టం ఊడుతుంది, అరవకు" అంది. తర్వాత చాలాసేపు నీళ్ల కుళాయి తిప్పే ఉంచింది, గిన్నెలేమీ లేకపోయినా.

6. కాబట్టి నాలుగో పద్దుకి ఈ కింది సవరణ. డబ్బా లోర్నాదే, అందులో మార్పు లేదు. కానీ డబ్బా అయిపోతుందని నేను పడ్డ దిగులు ఇందుమూలంగా రద్దు. గంట మీద గీత ఉన్న బిళ్ల ఒక్కటి చాలు. ఒక గురువారం అది మెయిన్ స్ట్రీట్ బ్యాంకుకి వెళ్లాలి, ఇంకో గురువారం సూప్ గిన్నెతో పచ్చ తలుపు ఇంటికి తిరిగి రావాలి. దొరికినవాళ్లు అవతలివాళ్లకి వినపడేలా అరవాలి. ఎవరూ ఎవరినీ, నువ్వే పెట్టావా అని అడగకూడదు. అడిగితే ఈ పద్దు చెల్లదు.

లైల్ ప్రూయిట్‌కి నేను ఈ వీలునామాలో ఏమీ రాయలేదు, ఒక్క సెంటు కూడా. కోపంతో కాదు. రాస్తే ఆయన సాక్షి సంతకం పెట్టడానికి కుదరదు. పెట్టాలంటే మా ఇంటికి రావాలి, ఈ మంచం పక్కన నిలబడాలి. రేపు గురువారం. బ్యాంకు అయ్యాక ఆయన్ని ఇటు తీసుకురమ్మని ట్విలాకి చెప్పాను. ట్విలాకీ ఏమీ రాయలేదు, ఆమె కూడా సాక్షే. సాక్షులు లోపల ఏముందో చదవక్కర్లేదట, నేను సంతకం పెట్టడం కళ్లారా చూస్తే చాలట. బావా, కాగితం తిరగేయకు. అడుగున సంతకం పెట్టు. గడ్డం బాగా గీసుకున్నావు.

ఇది నా ఇష్టపూర్వకంగా రాసింది, చదువుకున్నాను, దగ్గు తప్ప అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

2019 మార్చి 14, గురువారం, హార్లన్స్ ఫెర్రీ.

సంతకం: డారెల్ హుడాక్

సాక్షులు:

ట్విలా మెకాస్లిన్

లైల్ ప్రూయిట్. ఒక్క ముక్క చదవలేదురా బామ్మర్దీ. ఎర్ర చుక్కల గురించి లోర్నాని ఏమీ అననులే.